తెల్ల కంకర

గేటు నుంచి గుమ్మం దాకా ఇరవై రెండు అడుగులు.
కంకర నేనే పోశాను, నలభై బస్తాలు.
ఖర్చేం లేదు, వలతోపాటు పైకొచ్చిందే.
వాన పడితే కరకరలాడుతుంది.
స్కాట్లండ్ పడమటి గట్టున వాన లేని రోజంటే
పదిమందికీ చెప్పుకునే రోజు,
కనుక కరకర ఎప్పుడూ ఉండేది.
చప్పుడును బట్టే చెప్పేవాణ్ణి వచ్చేదెవరో:
పోస్టు మనిషి, పాస్టరు, అప్పులాడు.

నాలుగేళ్ళ కిందట మార్చిలో కిర్‌స్టీన్ వచ్చింది.
నీళ్ళ అడుగున కొలతలు తీసే పిల్ల,
కనుబొమల్లో ఇంకా ఉప్పు.
సగం దారిలో ఆగిపోయింది.
గొంతుక్కూర్చుని ఒక ముక్క ఏరి
గోటితో గీకింది.
"ఫర్కర్, ఇది రాయి కాదు."

తెలుసు. ఇక్కడ తెలియనిదెవరికి?
మేర్ల్ అంటాం. సున్నం కట్టుకున్న నాచు.
బతికున్నప్పుడు పసిపిల్లల చిగుళ్ళ రంగు.
కొమ్మలో కొమ్మ ఇరుక్కుని పరుపులా పరుచుకుంటుంది,
ఆ సందుల్లో వేలిగోరంత స్కాలప్ పిల్లలు
తలుపులు బిగించుకుని పెరుగుతాయి.

నాకు తెలియనిది ఒకటే.
"ఏడాదికి ఒక మిల్లీమీటరు," అంది,
"మంచి ఏడాదైతే."
బొటనవేలంత ముక్క నా అరచేతిలో పెట్టి
వేళ్ళు మూసింది.
లెక్క కట్టుకున్నాను.
మా నాన్నకు పాలపళ్ళు ఊడేనాటికి
ఇది ఎదగడం మొదలుపెట్టింది.
నేను దీని మీద బూట్లతో నడిచాను.

దంతె తోలినట్టే తోలేవాళ్ళం,
ఇనప పళ్ళు, గొలుసుల సంచి, పక్కకు ఎనిమిది.
విత్తింది మేం కాదు. కోత మాత్రం మాదే.
చేలో దున్నితే చాలు కళ్ళకు కనిపిస్తుంది.
ఇక్కడ నీళ్ళు వెంటనే మూసుకుంటాయి,
వెనక్కి తిరిగి చూస్తే
ఎప్పుడూ ఎవరూ తాకని నేలే.

హాల్లో మీటింగు. టీ, బిస్కెట్లు, గోడకు చార్టు.
అందరూ నా వైపే చూశారు,
పాత కాపుని కదా, అడ్డం పడతాననుకున్నారు.
పెన్సిల్ ఇమ్మన్నాను.
నల్ల బండ నుంచి పాత లైట్‌హౌస్ దాకా
వణుకుతూ ఒక గీత గీశాను.
"దీని లోపలికి వద్దు. ఎవరూ."
రూరీ లేచి కుర్చీని తన్నాడు.
"నువ్వు తిని మూతి తుడుచుకున్నాక
మాకు ఉపవాసమా?"
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.
ఇప్పటికీ లేదు.
వాడికి నా పడవ అమ్మింది నేనే.
అప్పటికింకా ఎనిమిదేళ్ళ వాయిదాలున్నాయి.

గీత చట్టమవడానికి రెండేళ్ళు పట్టింది.
రెండు మిల్లీమీటర్లు.

ఇప్పుడు గడ్డి మీదుగా ఇంట్లోకి వెళ్తున్నాను.
బూట్లనిండా బురద. ఈష్‌బెల్ తిడుతుంది:
"ఆ కంకరెత్తి సముద్రంలో పారేయరాదూ?"
పారేస్తే మాత్రం బతుకుతుందా?
ఉండనీ. వచ్చేవాళ్ళు తొక్కుతారు,
నేను వింటాను.

నిన్న రాత్రి పొగమంచు. నీళ్ళ మీద దీపమేదీ లేదు.
ఇంజను చప్పుడు మాత్రం వచ్చింది,
మూడో సిలిండరులో చిన్న దగ్గుతో.
పద్దెనిమిదేళ్ళు నేనే మందు పోసిన దగ్గు.
లైట్‌హౌస్‌కు ఇవతల,
గీతకు బాగా లోపల.

ఫోను తీశాను. పెట్టేశాను.
మళ్ళీ తీశాను.
అవతలి అమ్మాయి మర్యాదగానే అడిగింది,
పడవ పేరేమైనా తెలుసా అని.

రూల్ నా మారా.
సముద్రపు చుక్క అని అర్థం.
మా తాత పడవ పేరే దీనికీ పెట్టుకున్నాను.
అర్థం ఆమె అడగలేదు.
ఒక్కో అక్షరం చెప్పమంది,
చెప్పాను,
రాసుకుంది.